మిగిలిన కూటితో కోళ్లకు పురుగుల మేత

పెరట్లో పది నాటుకోళ్లు వేసుకున్నవారికి మేత ఖర్చే పెద్ద బెంగ. నూకలు, తవుడు ఇంట్లో దొరికినా, మాంసకృత్తుల కోసం చేపపొడో సోయా చెక్కో కొనాల్సిందే. ఆ కొనుగోలును కొంత తగ్గించే పురుగు ఒకటుంది. దాని తల్లి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ.

ఈగ అనగానే ముఖం చిట్లించకండి. ఇది అన్నం మీద వాలే ఈగ కాదు. చూపుకు కందిరీగలా ఉంటుంది గానీ కుట్టదు. రెక్కలొచ్చాక వారం రోజులే బతుకు. అప్పుడు తిండి జోలికి పెద్దగా పోదు, జతకట్టి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. తినేదంతా పురుగు దశలోనే.

అడుగున చిన్న రంధ్రాలున్న పాత ప్లాస్టిక్ టబ్బు చాలు. ఎండ, వాన తగలని చోట పెట్టి, అడుగున రంపపు పొట్టు పరిచి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, మగ్గిన పండ్లు వేయండి. పైన అట్టపెట్టె ముక్కలు కట్టండి. ఈగ మేతలో గుడ్లు పెట్టదు, దాని పైన పొడిగా ఉన్న సందుల్లో పెడుతుంది. ఒక్కో ఈగ అయిదారు వందల గుడ్లు పెడుతుంది. చుట్టుపక్కల ఈ ఈగ ఉంటే వాసనకు అదే వస్తుంది. రాకుంటే పెంచేవారి దగ్గర గుడ్లు తెచ్చుకోవాలి. గుడ్లు నాలుగు రోజుల్లో పిగిలి, పిల్లలు రెండు మూడు వారాల్లో ఎదుగుతాయి.

అసలు కిటుకు తేమలో ఉంది. గుప్పెడు మేత పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కట్టిందంటే పురుగులు ఊపిరాడక గోడెక్కి పారిపోతాయి. వెంటనే తవుడో రంపపు పొట్టో కలపండి. నిన్న వేసింది తిన్నాకే ఇవాళ్టిది వేయాలి. పెళ్లిలో మిగిలిందని బస్తాడు అన్నం ఒకేసారి కుమ్మరిస్తే పులిసి, వేడెక్కి, కంపు కొట్టి, మామూలు ఈగలు ముసురుతాయి. తప్పు పురుగుది కాదని పొరుగింటివాళ్లను ఒప్పించడం ఎవరి తరమూ కాదు! కొత్తలో మాంసం, చేపల వ్యర్థాలు వద్దు. మందు కొట్టిన కూరగాయలు వేస్తే పురుగులు చచ్చిపోతాయి.

ఎదిగిన పురుగు ముదురు గోధుమ రంగుకు తిరిగి, మేత మానేసి, పొడి చోటు కోసం పైకి పాకుతుంది. టబ్బులో ఏటవాలుగా చెక్క పెట్టి, దాని పై కొసకు కింద డబ్బా ఉంచితే అదే వచ్చి పడుతుంది. ఏరే పని లేదు. కొన్నింటిని పొడి పొట్టులో వదిలేస్తే రెండు వారాలకు మళ్లీ ఈగలవుతాయి.

ఎంత వస్తుందంటే, పది కిలోల తడి వ్యర్థానికి ఒకటి రెండు కిలోల పచ్చి పురుగులు. అందులో మూడింట రెండొంతులు నీరే. ఎండబెట్టిన పురుగులో మాంసకృత్తులు దాదాపు 40 శాతం. కొవ్వూ ఎక్కువే కనుక ఇదొక్కటే మేతగా పెట్టకూడదు. పది కోళ్లకు రోజుకు వంద గ్రాముల పచ్చి పురుగులతో మొదలుపెట్టి చూడండి.

గుడ్లు మేమిస్తాం, పురుగులు మేమే కొంటాం అని అడ్వాన్సు అడిగేవారు వస్తే తొందరపడకండి. 2012 ప్రాంతంలో ఈము పక్షులతో ఇలాంటి మాటే నమ్మి మన రైతులెందరో మునిగారు. ముందు మీ కోళ్లకు సరిపడా ఒక్క టబ్బు నడిపించండి.

టబ్బులో మిగిలిన నల్లని పొడి మంచి ఎరువే. పచ్చిగా మొక్క మొదట్లో వేయకుండా, పేడతో కలిపి కుప్పవేసి మాగాక వాడుకోవాలి.