కంపోస్టబుల్ సంచులకు వేడితో చిక్కు
120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ క్యారీబ్యాగులపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం అమలులో ఉంది. కంపోస్టబుల్ సంచులకు ఈ మందం నిబంధన వర్తించదు. ఇవి ఎక్కువగా పీఎల్‌ఏ, పీబీఏటీ అనే పాలిమర్ల మిశ్రమంతో తయారవుతాయి.

యంత్రంలో కరిగించినప్పుడు ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ పొడవైన అణుగొలుసులు సులువుగా జారి, ద్రవపు స్నిగ్ధత తగ్గుతుంది. అతిగా తగ్గితే ఊదిన బుడగ నిలవదు. సంచి ఒకచోట మందంగా, మరోచోట పలచగా వస్తుంది. గింజలను ముందుగా ఆరబెట్టకుంటే ఇంకా చేటు. తేమకు గొలుసులే తెగిపోతాయి, చల్లార్చినా పూర్వపు బలం తిరిగిరాదు.

మరి 45 డిగ్రీలను తాకే కర్నూలు, కడప ఎండల మాటేమిటి? సంచి కరగదు. అయితే పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీల వద్ద మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన వాహనంలో వేడి దాని దరిదాపులకు చేరవచ్చు కనుక వ్యాపారులు సరకును నీడపట్టున నిల్వ చేయవలసి ఉంటుంది.