సూపర్‌ఛార్జ్‌డ్ ఇంజను మార్పిడి

సూపర్‌ఛార్జ్‌డ్ ఇంజను మార్పిడి అనగా పాత సెడాన్ కారులోని సాధారణ ఇంజనును తీసివేసి, దాని స్థానంలో గాలిని బలవంతంగా సిలిండర్లలోకి నెట్టే సూపర్‌ఛార్జరు కలిగిన ఇంజనును అమర్చటం. అమెరికాలో ఈ పనికి బాగా వాడుకలోకి వచ్చినది జనరల్ మోటార్స్ సంస్థ తయారుచేసిన 3.8 లీటర్ల వి6 ఇంజను. ఇందులో ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు వరుసలుగా, ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఉంటాయి. సూపర్‌ఛార్జరు ఉన్న రకాన్ని ఎల్67 అనీ, లేని రకాన్ని ఎల్36 అనీ వ్యవహరిస్తారు. శక్తిని పెంచటం ఈ మార్పిడిలో తేలికైన భాగం. దానితోపాటు పుట్టే వేడిని అదుపులో ఉంచటమే అసలు పని.

ఇంజను చరిత్ర

ఈ ఇంజను మూలాలు 1962 నమూనా బ్యూక్ స్పెషల్ కారులో ఉన్నాయి. అప్పట్లో దీని పరిమాణం 198 ఘన అంగుళాలు (సుమారు 3.2 లీటర్లు). అమెరికాలో పెట్రోలు చవకగా దొరికే ఆ రోజులలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్లదే రాజ్యం. అందువలన జనరల్ మోటార్స్ 1967లో దీనిని కైజర్ జీప్ సంస్థకు అమ్మివేసింది. 1973 చమురు సంక్షోభంతో పరిస్థితి తలక్రిందులయింది. వద్దని అమ్ముకున్న ఇంజనునే ఆ సంస్థ 1974లో తిరిగి కొనుక్కోవలసి వచ్చింది. 1975 నమూనా కార్లలో దీని పరిమాణం 231 ఘన అంగుళాలకు, అంటే 3.8 లీటర్లకు పెరిగింది. 1988లో దీనికి "3800" అనే పేరు వచ్చింది.

1990ల ఆరంభంలో దీనికి సూపర్‌ఛార్జరు తోడయింది. ఎక్కువమంది కోరుకునేది 1996లో వచ్చిన రెండవ శ్రేణి ఎల్67. ఎల్36 శక్తి 205 అశ్వశక్తి కాగా, ఎల్67 శక్తి 240. టార్కు (త్రిప్పే బలం) 230 పౌండ్-అడుగుల నుండి 280కి, అంటే సుమారు 312 నుండి 380 న్యూటన్-మీటర్లకు పెరిగింది. బ్యూక్ పార్క్ అవెన్యూ అల్ట్రా, బ్యూక్ రీగల్ జీఎస్, పాంటియాక్ బోన్‌విల్ ఎస్‌ఎస్‌ఈఐ, పాంటియాక్ గ్రాండ్ ప్రీ జీటీపీ కార్లలో దీనిని అమర్చారు. ఆస్ట్రేలియాలో హోల్డెన్ కమడోర్ కార్లలో కూడా వాడారు. 3800 ఇంజన్ల ఉత్పత్తి 2008లో ఆగిపోయింది. కనుక మార్పిడికి కావలసిన ఇంజను ఇప్పుడు పాత కార్ల యార్డులలోనే దొరుకుతుంది.

పనిచేసే విధానం

కొలిమిలో తిత్తి ఊదినకొద్దీ నిప్పు రాజుకుంటుంది. సూపర్‌ఛార్జరు చేసే పని కూడా అదే. సాధారణ ఇంజనులో పిస్టను క్రిందికి దిగినపుడు వాతావరణ పీడనం వలన గాలి లోపలికి వస్తుంది. అలా వచ్చినంత గాలికి తగినంత పెట్రోలు మాత్రమే మండుతుంది. సూపర్‌ఛార్జరు ఇంజను బెల్టుతో తిరుగుతూ అంతకంటే ఎక్కువ గాలిని నెట్టుతుంది. ఎల్67లో ఉన్న ఈటన్ సంస్థవారి ఎం90 'రూట్స్' రకానికి చెందినది. ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన బ్లోయరు దీనికి మాతృక. ఆ బ్లోయర్లను లోహాలు కరిగించే కొలుములకు గాలి ఊదటానికి నిజంగానే వాడేవారు.

ఎం90 ఒక చుట్టు తిరిగితే 90 ఘన అంగుళాల (సుమారు 1.47 లీటర్ల) గాలిని ముందుకు నెట్టుతుంది. 3.8 లీటర్ల నాలుగు ఘాతాల ఇంజను ఒక చుట్టుకు పీల్చుకోగలిగేది 1.9 లీటర్లు. సూపర్‌ఛార్జరును ఇంజనుకు రెట్టింపు వేగంతో త్రిప్పితే, మధ్యలో కారిపోయేదానిని లెక్కించకుండా చూస్తే, 1.9 లీటర్ల చోటులోకి 2.9 లీటర్ల గాలి వచ్చిపడుతుంది. ఇలా ఏర్పడే అదనపు పీడనాన్నే 'బూస్ట్' అంటారు.

సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కటం అందరికీ తెలిసినదే. ఇక్కడా అంతే. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న గాలిని ఒకటిన్నర రెట్ల పీడనానికి తెస్తే, ఏ నష్టమూ లేని ఆదర్శ యంత్రంలోనైనా దాని ఉష్ణోగ్రత 67 డిగ్రీలకు చేరుతుంది. రూట్స్ యంత్రం అంత సమర్థమైనది కాదు. అందులో అది 90 డిగ్రీల సమీపానికి పోతుంది. ఎల్67లో ఈ గాలిని చల్లబరచే ఇంటర్‌కూలరు లేదు. అందుకే కంపెనీ దీని సంపీడన నిష్పత్తిని 8.5:1కి పరిమితం చేసింది. ఎల్36లో అది 9.4:1.

మార్పిడిలో రెండు పద్ధతులు

మొదటిది ఇంజను మొత్తాన్ని మార్చటం. ఎల్36 ఉన్న సెడాన్‌లోకి ఎల్67ను దించటం యాంత్రికంగా పెద్ద కష్టం కాదు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి కావటంతో చాలా భాగాలు సరిపోతాయి. చిక్కు కంప్యూటరు దగ్గర వస్తుంది. ఎంత గాలికి ఎంత పెట్రోలు, ఏ క్షణాన నిప్పురవ్వ అన్న లెక్కలు ఎల్67కు వేరు. ఆ లెక్కలను కంప్యూటరులోకి ఎక్కించాలి. బూస్టును నియంత్రించే సోలినాయిడ్‌కు కొత్త తీగలు లాగాలి. దొంగతనం నిరోధక వ్యవస్థ సంకేతాలు కలవకపోతే కారు అసలు స్టార్టు కాదు.

రెండవది 'టాప్ స్వాప్'. ఇందులో ఎల్36 క్రింది భాగాన్ని అలాగే ఉంచి, ఎల్67 సిలిండరు హెడ్లు, ఇన్‌టేక్ మానిఫోల్డు, పెద్ద ఇంజెక్టర్లు, సూపర్‌ఛార్జరు మాత్రమే పైన బిగిస్తారు. ఖర్చు తక్కువ. అయితే 9.4:1 నిష్పత్తి గల పిస్టన్ల మీదికి వేడి గాలిని నెట్టటం వలన ప్రమాదపు అంచు దగ్గరవుతుంది. అనుభవం లేనివారికి మొదటి పద్ధతే మేలు.

ఇంజను బయట ఉన్నపుడే చేయవలసిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. శీతలద్రవం ప్రవహించే ప్లాస్టిక్ ఎల్బో గొట్టాలు వయసుకు పెళుసెక్కి ముక్కలవుతాయి. సూపర్‌ఛార్జరు ముందుభాగంలోని కప్లరు అరిగి గలగలమని శబ్దం చేస్తుంది. సూపర్‌ఛార్జరుకు ఇంజను ఆయిలుతో సంబంధం లేని ప్రత్యేకమైన ఆయిలు ఉంటుంది. పాత కార్లలో దీనిని ఎవరూ మార్చి ఉండరు.

కప్పీ మార్పు, నాకింగ్

మార్పిడి తరువాత చాలామంది చేసే మొదటి పని సూపర్‌ఛార్జరు కప్పీని మార్చటం. కంపెనీ బిగించిన కప్పీ వ్యాసం 3.8 అంగుళాలు. దాని బదులు 3.4 అంగుళాలది వేస్తే సూపర్‌ఛార్జరు వేగం సుమారు 12 శాతం పెరుగుతుంది. బూస్టు పెరుగుతుంది, దానివెంటే వేడీ పెరుగుతుంది.

సిలిండరులో మంట స్పార్కు ప్లగ్గు దగ్గర మొదలై క్రమంగా వ్యాపించాలి. వేడి, పీడనం హద్దు దాటితే మంట ఇంకా చేరని మూలలలోని మిశ్రమం తనంతట తానే పేలుతుంది. దీనిని నాకింగ్ అంటారు. సమ్మెటతో కొట్టినట్టి ఈ దెబ్బలు కొనసాగితే పిస్టను అంచులు విరుగుతాయి, తలభాగం కరిగి రంధ్రం పడుతుంది. ఇంజనులోని సెన్సార్లు నాకింగ్‌ను గుర్తించగానే కంప్యూటరు నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది. ఇంజను బ్రతుకుతుంది కాని శక్తి పడిపోతుంది. బూస్టు మీటరు ముల్లు పైకి లేవటం చూసి సంతోషించే యజమాని కారు అంతకుముందుకంటే నెమ్మదిగా నడుస్తూ ఉండవచ్చు. స్కానరు పెట్టి ఈ ఆలస్యం ఎన్ని డిగ్రీలో చదవకుండా కప్పీని మార్చటం కళ్ళు మూసుకుని నడవటం వంటిది.

నివారణకు హెచ్చు ఆక్టేను పెట్రోలు, ఒక మెట్టు చల్లని రకం స్పార్కు ప్లగ్గులు, తక్కువ ఉష్ణోగ్రతకే తెరుచుకొనే థర్మోస్టాటు, పొగగొట్టం దారిని వెడల్పు చేయటం ముందుగా చేయవలసినవి. సూపర్‌ఛార్జరుకు, మానిఫోల్డుకు మధ్య నీటితో చల్లబరచే ఇంటర్‌కూలరును ఇరికించేవారూ ఉన్నారు.

గేరుబాక్సు, బ్రేకులు

పెరిగిన టార్కు ముందుచక్రాలకు చేరేది గేరుబాక్సు ద్వారానే. రెండవ శ్రేణి ఎల్67 కార్లలో 1997 నుండి 4టీ65ఈ-హెచ్‌డీ అనే దృఢమైన రకాన్ని వాడారు. ఎల్36 కార్లలో సాధారణ 4టీ65ఈ ఉంటుంది. ఇంజనుతోపాటు దాని గేరుబాక్సును కూడా తెచ్చుకోవటం మంచిది. శక్తిని మరీ పెంచితే హెచ్‌డీ రకంలో కూడా డిఫరెన్షియల్ విరిగే అవకాశం ఉంది. ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కితే స్టీరింగు చేతిలో ఒక ప్రక్కకు లాగుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ళ నాటి కారులో బ్రేకు గొట్టాలు, సస్పెన్షను బుష్‌లు, టైర్లు చూసుకోకుండా ఇంజను మాత్రమే మార్చటం డ్రైవరుకే కాక రోడ్డు మీద ఉన్నవారందరికీ ప్రమాదకరం.

చట్టం

కాలిఫోర్నియా రాష్ట్రంలో కారు కంటే పాత సంవత్సరపు ఇంజనును అమర్చరాదు. 1998 నాటి కారులోకి 1996 నాటి ఎల్67 పనికిరాదన్నమాట. ఇంజనుకు సంబంధించిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ కారులో ఉండాలి, రిఫరీ తనిఖీ చేయించాలి. భారతదేశంలో నిబంధనలు ఇంకా కఠినమైనవి. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో దీనిని ధ్రువపరచింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ వంటి ఇంధనాలకు మార్చే ఆమోదిత కిట్లకు చట్టంలో మినహాయింపు ఉంది. శక్తి పెంచుకోవటానికి లేదు.