సున్నపు గచ్చు – సిమెంటు పూత

కృష్ణయు మూసీయు కలియు వాడపల్లికి వచ్చు యాత్రికులకు రెండు దృశ్యములు కనబడును. ఒకటి అగస్త్యేశ్వర, లక్ష్మీనరసింహ స్వాముల ప్రాచీనాలయములు. రెండవది చేరువనే విష్ణుపురమున లేచిన సిమెంటు కర్మాగారము. ఏటి కావల పల్నాటి సీమలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందినది. ఇరుదరులను ఉన్నది సున్నపురాయియే. సున్నమునకును సిమెంటునకును తల్లి ఆ రాయియే. అయినను బిడ్డలిద్దరి స్వభావములు వేరు. ఈ భేదమును గుర్తింపకపోవుటచేతనే మన పాత యిండ్ల గోడలు పెక్కు పాడగుచున్నవి.

సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి రాతిసున్నము మిగులును. నీరు చేర్చినచో అది పొంగి, పొగలు గ్రక్కి, తడిసున్నమగును. గోడకు పట్టించిన పిదప గాలిలోని ఆ వాయువునే మెల్లమెల్లగా తిరిగి గ్రహించి, మరల రాయి యగును. సిమెంటు త్రోవ వేరు. సున్నపురాతిని బంకమన్నుతో కలిపి సుమారు 1450 డిగ్రీల వరకు కాల్చి, జిప్సము చేర్చి పొడి చేయుదురు. అది గాలితో గాక నీటితో కలిసి గట్టిపడును; కొలది దినములలోనే బిగిసిపోవును.

మన పెద్దలు సున్నమును ఇసుకతో చేర్చి ఎద్దులు త్రిప్పు గానుగలో నూరించెడివారు. బెల్లము, కరక్కాయలు నానిన నీటిని అందు పోసెడివారు. పైపూతకు మెత్తని సున్నమును వస్త్రగాలితము చేసి, గోడకు పట్టించి, నునుపురాతితో రుద్ది మెరుగు పెట్టెడివారు. 1591లో కట్టిన చార్మినారు మీది అలంకారములు, గోలకొండ చెంత కుతుబ్‌షాహీ సమాధుల మీది పూలపని ఈ గచ్చుతో చేసినవే. 20వ శతాబ్దమున ఆ సమాధులపై సిమెంటు పూసిరి. 2013లో ఆరంభమైన పునరుద్ధరణలో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థవారు ఆ సిమెంటును తొలగించి, మరల సున్నపు గచ్చునే చేయించిరి.

దీనికి కారణము గలదు. పాత గోడ భూమినుండి తేమను పీల్చుకొనును. సున్నపు పూతకు సన్నని రంధ్రములుండుటచే ఆ తేమ ఆవిరియై బయటికి పోవును. సిమెంటు పూత ఆ దారిని మూయును. లోన నిలిచిన తేమతోపాటు ఉప్పు చేరి, గోడ ఉబ్బి, పెచ్చులూడును. ఇంటి యజమాని మరింత సిమెంటు పూయించును. రోగము మరింత ముదురును. కావున సున్నముతో కట్టిన గోడకు సున్నమే మందు. అంతకు ముందు నీరెక్కడనుండి వచ్చుచున్నదో కనుగొని ఆపవలెను.

అంతమాత్రమున సిమెంటు నింద్యము కాదు. నేలపై దాని పని చక్కనిది. మన యిండ్లలోని ఎర్రగచ్చును చూడుడు. సిమెంటులో ఎర్ర ఆక్సైడును పొడిగానే, రంగు ఏకమగునట్లు కలిపి జల్లించవలెను. నీరు చేర్చి, తడి ఆరని అడుగుపొరపై పలుచగా పరచి, ఇనుప తాపీతో ఒత్తి రుద్దవలెను. పిదప కనీసము వారము దినములు తడిపి యుంచవలెను. తొందరపడి ఆరనిచ్చినచో పగుళ్లు పుట్టును. ఓపికతో చేసిన నేల ఏండ్లకొలది పాదముల రాపిడికి మరింత నునుపెక్కి మెరయును.

ఒక హెచ్చరిక: తడిసున్నము గాని, తడి సిమెంటు గాని చర్మమును, కన్నులను కాల్చును. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

తాపీమేస్త్రిని పిలుచుటకు ముందు ఊడిన పెచ్చు నొకదానిని వ్రేళ్లతో నలిపి చూడుడు. తెల్లగా, మెత్తగా రాలినచో అది చాలవరకు సున్నపు పూతయే. అట్టి గోడకై సిమెంటు బస్తా కొనకుడు.