ఇంటి వడ్రంగం: పగిలిన పెళ్ళిపీట కథ

వానాకాలం రాగానే మన ఇళ్ళలో ఏదో ఒక తలుపు బిగుసుకుంటుంది. భుజం పెట్టి తోస్తే గాని తెరుచుకోదు. ఎండలు ముదిరేసరికి అదే తలుపు, ఎవరూ ముట్టుకోకుండానే, సుఖంగా ఆడుతుంది. చిన్నప్పటినుంచీ మనమంతా చూస్తున్నదే. కాని సరదాకి చేతిలోకి రంపం తీసుకున్న రోజున ఈ సంగతి గుర్తుకు రాదు. నాకూ రాలేదు. దాని ఫలితం మా చెల్లెలి పెళ్ళికి పది రోజుల ముందు బయటపడింది.

ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో వర్క్‌షాపు అని ఒకటుంటుంది గదా. అందులో కార్పెంటరీ షాపులో అందరం హాఫ్ లాప్ జాయింటు ఒకటి, డవ్‌టెయిల్ జాయింటు ఒకటి చేసి, రికార్డులో బొమ్మ గీసి, మార్కులు పుచ్చుకొని బయటపడతాం. నాకు అందులో మంచి మార్కులే వచ్చాయి. ఆ ధైర్యంతోనే, పెళ్ళిపీటలు బజార్లో కొనడమెందుకు, నేను చేస్తాను అన్నాను. ఇప్పుడాలోచిస్తే వర్క్‌షాపులో మనకిచ్చేవి జానెడు ముక్కలు. జానెడు ముక్క ఎంత కదిలినా కంటికి ఆనదు. పాఠం అక్కడే దాటిపోతుంది.

భాద్రపదంలో ఒక కలప డిపోలో టేకు పలక కొన్నాను. బాగా ఆరిన సరుకన్నాడు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం: అలాంటివి రెండు. ఒక్కొక్క పలక అడుగున అడ్డంగా రెండు పట్టీలు పెట్టి, బంక రాసి, పట్టీకి నాలుగేసి మేకులు దిగ్గొట్టాను. రాయిలా ఉన్నాయి. గోనెసంచిలో చుట్టి అటకెక్కించాం. వైశాఖంలో పసుపు రాద్దామని అమ్మ దించితే, ఒక పీట ఈ చివరినుంచి ఆ చివరిదాకా బీటవారి ఉంది. రూపాయి బిళ్ళ నిలువునా దూరుతుంది. పీటల మీద పెళ్ళి ఆగిపోవడం విన్నాం గాని పీట మూలాన ఆగిన పెళ్ళి ఎక్కడా లేదని నేను నవ్వబోయాను. అమ్మ నవ్వలేదు. "పగిలిన పీట మీద పిల్లని కూచోబెడతామా?" అంది, అంతే.

మా వీధి చివర ఒక ముసలి వడ్రంగి ఉండేవాడు. పీట తీసుకెళ్ళి చూపించాను. ఆయన పగులు కేసి చూడనైనా చూడలేదు. పీటను తిరగేసి, మేకుల తలలు వేలితో తడిమి, "చెక్కని కట్టేస్తే ఊరుకుంటుందా బాబూ? అది కొయ్య, రాయి కాదు గదా," అన్నాడు.

ఆ మాటలో ఉన్న శాస్త్రం ఇది. చెక్క అంటే సన్నని గొట్టాల మోపు. గడ్డిపరకలు ఒక్క దిక్కుగా పేర్చి కట్టినట్టు, చెట్టు నిలువునా ఆ గొట్టాలుంటాయి. చెట్టు కొట్టేశాక గొట్టాల లోపలి నీరు ముందు పోతుంది. దానివల్ల కొలతల్లో మార్పేమీ రాదు. చెక్క బరువులో నీటి వంతు సుమారు 28-30 శాతానికి దిగాక, గొట్టాల గోడల్లో ఇంకిన నీరు పోవడం మొదలవుతుంది. అప్పుడు గోడలు పలచబడి చెక్క కుంచించుకుపోతుంది. ఎటు? అసలు కిటుకంతా ఇక్కడుంది. పొడవునా దాదాపు కదలనే కదలదు, వెయ్యికి ఒకటి రెండు వంతులు మాత్రమే. అడ్డంగా మాత్రం కదులుతుంది. పచ్చి టేకును పూర్తిగా ఎండబెడితే, మొద్దు కోతలో కనబడే వలయాల వెంట సుమారు 6 శాతం, కేంద్రం దిక్కుగా సుమారు 2.5 శాతం తగ్గుతుంది. టేకు మన కొయ్యల్లో నెమ్మదైనదని పేరు పడ్డది, అదే ఇంత చేస్తుంది!

ఒకసారి ఆరిన చెక్క మళ్ళీ తేమ పీల్చదనుకుంటాం. అదీ తప్పే. గాలిలో తేమ 80 శాతం ఉండే వానాకాలంలో చెక్కలో నీరు 15-16 శాతం దగ్గర నిలుస్తుంది. వడగాలి వీచే రోజుల్లో గాలిలో తేమ 40 శాతానికి పడిపోతే, చెక్కలో నీరు 7-8కి దిగుతుంది. నీరు ఒక శాతం తగ్గినప్పుడల్లా టేకు వెడల్పు వలయాల వెంట సుమారు శాతంలో అయిదో వంతు తగ్గుతుంది. లెక్క వేసుకోండి: అడుగు వెడల్పు, అంటే 30 సెంటీమీటర్ల పలక, ఎనిమిది శాతం తేడాకు అయిదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా లోపలికి గుంజుకుంటుంది. డిపో వాడు చెప్పింది నిజమే అనుకున్నా ఇంత తప్పదు. సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకు ఈ తేడా కొంత తక్కువ. మాబోటి మెట్టప్రాంతాల వాళ్ళకు పూర్తిగా అనుభవమే.

ఇప్పుడు నా పీట సంగతి చూడండి. పలక వెడల్పు తగ్గాలి. అడుగునున్న పట్టీకి మాత్రం అదే దిక్కు పొడవు దిక్కయింది, కనక అది తగ్గదు. రెంటినీ బంకతోనూ మేకులతోనూ నేను కలిపి కట్టేశాను. పలకకు పగలడం తప్ప దారి లేదు.

ఇదంతా మన పెద్దలకు లెక్కలు లేకుండానే తెలుసు. పాత ఇళ్ళ తలుపులు చూడండి. చుట్టూ చట్రం, మధ్యలో పలకలు. ఆ పలకల అంచులు చట్రం గాడిలో ఊరికే కూర్చుని ఉంటాయి, వాటికి బంకా లేదు, మేకూ లేదు. ఉబ్బితే గాడిలోకి వెళతాయి, తగ్గితే కొంచెం బయటికొస్తాయి. కొండపల్లి బొమ్మల వాళ్ళు తేలికైన తెల్లపొణికి కొయ్యను సెగమీద నిదానంగా ఆరబెట్టి, చెమ్మంతా పోయాకే బొమ్మ చెక్కుతారు. చేతులు, కాళ్ళు విడిగా చేసి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. కొయ్య ఎంపిక కూడా పనిని బట్టే: ఏటికొప్పాకలో తరిణె పట్టడానికి అంకుడు, బొబ్బిలి వీణకు పనస, బండిచక్రానికి నల్లతుమ్మ. ఇంట్లో సరదాకి పని నేర్చుకునేవాళ్ళు మాత్రం పాత తలుపులో, విరిగిన మంచమో దొరికితే దాన్ని వదలొద్దు. ఏళ్ళ తరబడి ఆరిన చేవకొయ్య అది. అందులో ఇరుక్కున్న మేకులు ముందు పీకెయ్యాలి, లేకపోతే చిత్రిక బ్లేడు పోయినట్టే.

కొత్త పలక కొనాల్సివస్తే, వాడే చోటికి తెచ్చి, నీడలో, కింద గాలాడేలా సన్నపుల్లలు పెట్టి పేర్చండి. కొస కోతల మీద కాస్త రంగు పూయాలి, ఎందుకంటే నీరు అక్కడినుంచే తొందరగా పోయి ముందు అక్కడే పగుళ్ళొస్తాయి. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి పలక మీదే పెన్సిలుతో రాయండి. బరువు తగ్గడం మానిందంటే అది మీ ఇంటికి అలవాటు పడ్డట్టు. అంగుళం మందానికి ఒక ఏడాది అని వడ్రంగుల మోటు లెక్క. అంత ఓపిక నాకూ లేదు, కాని త్రాసు మాట మాత్రం వింటాను.

"ప్లైవుడ్ కొంటే ఈ గొడవంతా ఉండదు గదా" అని మీరడగవచ్చు. నిజమే, ఉండదు. ఒక పొర నిలువునా, తరువాతి పొర అడ్డంగా అతికి ఒకదాన్నొకటి కదలకుండా పట్టి ఉంచుతారు. పుస్తకాల అరకి నేనూ అదే వాడతాను. ప్లైవుడ్ పీట మీద పెళ్ళి చేస్తామంటే మా అమ్మ ఒప్పుకోదు, అంతే తేడా.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. ఒక చేతిరంపం, ఒక చిత్రిక, అరంగుళం ఉలి, అంగుళం ఉలి, కొయ్యసుత్తి, మూలమట్టం, బరమా, సానరాయి. బరమా కరెంటుదైనా సరే. బల్ల లేదని దిగులొద్దు. మన వడ్రంగులు నేలమీద కూచుని పాదంతో చెక్కను తొక్కిపట్టి చేస్తారు. అది వాళ్ళకు చేతనైన విద్య, మనం ఉలి దగ్గర పాదం పెట్టకూడదు. ఒక మందపాటి పలక మీద ఈ చివర పైనా, ఆ చివర కిందా అడ్డపట్టీలు కొట్టి, కింది పట్టీని అరుగు అంచుకు తగిలించండి. పై పట్టీకి ఆనించిన చెక్క ఎటూ జారదు.

సానరాయి గురించి మాత్రం రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. కొత్త ఉలి కొట్టునుంచి తెచ్చి అలాగే వాడితే కోయదు, నలుపుతుంది. అది కోయక మనం బలం పెడతాం, బలం పెట్టినప్పుడే జారి చేతిలో దిగుతుంది. ముందు ఉలి వీపు రాయిమీద పూర్తిగా ఆనించి అద్దంలా చెయ్యాలి. తరువాత ఏటవాలు ముఖాన్ని 25 నుంచి 30 డిగ్రీల కోణంలో, చెయ్యి ఊగకుండా రుద్దాలి. వీపు వైపు సన్నని ఇనుప అంచు వేలికి తగిలేదాకా రుద్ది, దాన్ని ఒకటి రెండు సార్లు వీపు ఆనించి తీసెయ్యాలి. ముంజేతి వెంట్రుకలు గొరిగితే పదునొచ్చినట్టే. పని చేసేటప్పుడు రెండు చేతులూ ఉలి మొనకు వెనకే ఉండాలి, ఎదుట ఎప్పుడూ ఉండరాదు.

ఇక పీటను ఆ ముసలాయన బాగుచేయించిన తీరు. చేయించిన అంటున్నాను, ఎందుకంటే ఆయన మంచం మీద కూచుని చెబుతుంటే నేనే చేశాను. మేకులు పీకి పట్టీలు ఊడదీశాం. పగులు వెంట రంపంతో కోసి పలకను రెండు చేశాం. అప్పుడు రెండు ముక్కల్నీ పుస్తకం మూసినట్టు జతచేసి బిగించి, రెండు అంచుల్నీ ఒకేసారి చిత్రిక పట్టమన్నాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు. చిత్రిక ఒక పక్కకు కాస్త ఒరిగినా, పుస్తకం తెరిచినట్టు పలకల్ని పరిచినప్పుడు ఒక అంచు వంకరకు రెండో అంచు వంకర సరిగ్గా జోడవుతుంది! కాలేజీలో ఎవరూ చెప్పని జామెట్రీ ఇది. అంచుల్ని కలిపి దీపానికి ఎదురుగా పట్టి, వెలుగు రాని దాకా పట్టాం. తరువాత ఫెవికాల్ రాసి, క్లాంపులు లేవు గనక తాడు చుట్టి, తాట్లో కర్ర దూర్చి మెలితిప్పి బిగించి, ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా ఉంచాం.

పట్టీలకు ఈసారి బంక లేదు, మేకులూ లేవు. పట్టీకి మూడు స్క్రూలు, కిందినుంచి. అంగుళంన్నర ఎత్తున్న పట్టీలో సగం లోతుదాకా స్క్రూ తల, దాని కింద వాషరు దిగేటంత వెడల్పున తొలిచి, మిగతా సగంలో స్క్రూ ఒళ్ళు పట్టేటంత రంధ్రం చేశాం. నడిమి రంధ్రం గుండ్రంగా, బిగువుగా ఉంటుంది. అటూ ఇటూ ఉన్న రెండు రంధ్రాలూ మాత్రం కోలగా ఉండాలి: స్క్రూకు రెండు పక్కలా మూడేసి మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేలా, పట్టీ పొడవు దిక్కున. పక్కపక్కనే బరమా దింపి, మధ్య మిగిలిన చెక్కను అరంగుళం ఉలితో తీసేస్తే వస్తుంది. స్క్రూలు ఊపిరాడకుండా బిగించకూడదు. పలక నడుమ నిలబడి ఉంటుంది, అంచులు మాత్రం రుతువును బట్టి జరుగుతుంటాయి.

రెండో పీట పగల్లేదు గాని ఆయన దాన్నీ ఊడదీయించాడు. "ఇవాళ పగల్లేదంటే పగలదని కాదు," అన్నాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. పెళ్ళికి మాత్రం వచ్చి రెండో వరసలో కూచున్నాడు. పీటలకు పాలిషు పెట్టలేదు. ఎలాగూ పసుపు రాసి బొట్లు పెట్టేవే. లక్క పాలిషు తేమను నెమ్మదింపజేస్తుందే గాని ఆపదు.

ఆ జత ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంది. పూజకు ఒకటి, భోజనానికి ఒకటి వాడుతున్నారు. అతుకు ఎక్కడుందో నాకు తెలుసు గనక కనబడుతుంది, వేరేవాళ్ళు వెతుక్కోవాలి. పట్టీల కొసల్ని పలక అంచుకు సమంగా కోశాను. శ్రావణంలో వెళ్ళినప్పుడు అక్కడ వేలు పెడితే పలక అంచు ఒక గోరు మందం బయటికొచ్చి ఉంటుంది, వైశాఖంలో పెడితే పట్టీ కొస తగులుతుంది.