పసిబిడ్డ ఒంటిమీద పసుపు బొడిపె

కోకాపేటలో లేస్తున్న భవనాల పక్కనే రేకుల షెడ్లలో కూలీ కుటుంబాలు ఉంటున్నాయి. పసిబిడ్డ తలమీద ఎర్రటి బొడిపె పుట్టి, రానురాను పసుపురంగుకు తిరిగితే ఆ తల్లిదండ్రులు హడలిపోతారు; కోయించడానికి అప్పు వెతుక్కుంటారు. అది జువెనైల్ గ్జాంథోగ్రాన్యులోమా అని చర్మవైద్యులు నిర్ధారిస్తే, చాలావరకు కోయనక్కర్లేదని మనవి.

అరుదైన జబ్బే. ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కనిపిస్తుంది. చర్మంలో ఒకరకం కణాలు గుమిగూడి కొవ్వు నింపుకోవడంతో ఆ రంగు వస్తుంది. రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంటుంది. అంటుకోదు. సాధారణంగా 3 నుంచి 6 ఏళ్లలో దానంతటదే అణిగిపోతుంది. చిన్న మచ్చ మిగలొచ్చు.

కంటి విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. రెండేళ్లలోపు పిల్లల్లో, ముఖ్యంగా బొడిపెలు ఎక్కువుంటే, అరుదుగా కంటిలోనూ వస్తుంది. లోపల రక్తం చేరి, ఒత్తిడి పెరిగి, చూపే పోవచ్చు. కన్ను ఎర్రబడినా, నల్లగుడ్డు రంగు మారినా ఆ రోజే చూపించాలి.

చర్మానికి నిలోఫర్ ఉంది. కంటికి 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి ఉంది. డబ్బు కట్టలేనివారిని అక్కడ ఉచితంగా చూస్తారు. అయినా తల్లిదండ్రులు వెనకాడేది ఆటో ఛార్జీకి, ఆ రోజు పోయే కూలికి. మీరిచ్చే సొమ్ములో మేము ముందుగా ఇస్తున్నది ఆ రెండే.