మార్పిడి మూత్రపిండం – గంజాయి తైలం

1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం ఒక వ్యక్తి మూత్రపిండాన్ని అతని కవల సోదరునికి అమర్చింది. అదే మానవ చరిత్రలో విజయవంతమైన తొలి మూత్రపిండ మార్పిడి. వారు ఏకరూప కవలలు కావటం వల్ల గ్రహీత శరీరం ఆ అవయవాన్ని పరాయిదిగా భావించలేదు. అటువంటి కవలలు లేని మిగిలినవారికి ఆ సౌలభ్యం లేదు. కన్నతల్లి ఇచ్చినా, తోబుట్టువు ఇచ్చినా, కొత్త మూత్రపిండంపై శరీరం దాడికి సిద్ధమవుతుంది. దానిని కాపాడుకొనటానికి, రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే మందులు ఆ మూత్రపిండం పనిచేసినంత కాలం వాడవలసిందే. గంజాయి, దాని నుండి తీసిన తైలాలు ఈ మందుల పనిలో ఎలా జోక్యం చేసుకుంటాయో తెలుసుకొనటం రోగికీ, రోగి కుటుంబానికీ అవసరం.

ఇరుకైన దారి

మూత్రపిండ మార్పిడి జరిగినవారిలో అత్యధికులు వాడే మందు టాక్రోలిమస్. జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుండి 1984లో శాస్త్రజ్ఞులు దీనిని కనుగొన్నారు. దాడికి ఆయత్తమయ్యే తెల్లరక్తకణాలకు చేరవలసిన సంకేతాన్ని ఇది మధ్యలోనే అడ్డుకుంటుంది. సాధారణంగా ఒక మిల్లీలీటరు రక్తంలో ఇది 5 నుండి 15 నానోగ్రాముల లోపు ఉండేటట్లు వైద్యులు మోతాదును సరిచేస్తూ ఉంటారు. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. మందు తగ్గితే శరీరం మూత్రపిండాన్ని తిరస్కరించవచ్చు. మితిమీరితే చేతులు వణకటం, రక్తపోటు, మధుమేహం సంభవించవచ్చు. కాపాడవలసిన మూత్రపిండమే దెబ్బతినవచ్చు.

టాక్రోలిమస్‌ను విచ్ఛిన్నం చేసే పని ప్రధానంగా కాలేయంలోను, చిన్న ప్రేవులలోను ఉండే 3ఏ4 అనే ఎంజైముది. ఇది సైటోక్రోమ్ పి-450 కుటుంబానికి చెందినది. దీనిని ఒక తిరగలితో పోల్చవచ్చు. తిరగలి నెమ్మదిస్తే పిండి కావలసిన గింజలు పేరుకుపోయినట్లు, ఎంజైము మందగిస్తే రక్తంలో మందు పేరుకుపోతుంది. మార్పిడి రోగులు గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస పండ్లు తినరాదని వైద్యులు చెప్పటానికి ఇదే కారణం. ఆ పండ్లలోని కొన్ని పదార్థాలు ఈ తిరగలిని నిలిపివేస్తాయి.

గంజాయిలోని రసాయనాలు

గంజాయి మొక్కలో వందకు పైగా ప్రత్యేక రసాయనాలున్నాయి. మత్తు కలిగించేది టి.హెచ్.సి. దానిని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మెషూలం, గవోని శుద్ధరూపంలో వేరుచేసి నిర్మాణాన్ని నిర్ధారించారు. మత్తు కలిగించని మరొక ముఖ్య పదార్థం సి.బి.డి. టాక్రోలిమస్ వాడేవారి విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఈ రెండవదే. మత్తు లేనంత మాత్రాన అది నిరపాయకరమని అనుకొనరాదు.

మూత్రపిండ వ్యాధికి టాక్రోలిమస్ వాడుతూ, మూర్ఛవ్యాధికి రోజుకు 2000 మిల్లీగ్రాములకు మించి సి.బి.డి. తీసుకొన్న ఒక రోగి వృత్తాంతం 2019లో వెలువడింది. తీసుకొన్న మోతాదుతో పోల్చి చూడగా, ఆ రోగి రక్తంలో టాక్రోలిమస్ దాదాపు మూడు రెట్లు పెరిగినట్లు తేలింది. ఇది చాలా పెద్ద మోతాదు. అయితే ఉరుగ్వే దేశంలో దీర్ఘకాలిక నొప్పులకు అంతకంటె చాలా తక్కువ సి.బి.డి. ఇచ్చిన 7గురు మార్పిడి రోగుల విషయంలో కూడా, నొప్పి చాలామందికి తగ్గినప్పటికీ, టాక్రోలిమస్ మోతాదు తగ్గించవలసి వచ్చిన సందర్భం ఉన్నది.

ప్రమాదం రెండు వైపులా ఉంటుంది. తైలం మొదలుపెడితే మందు పెరగవచ్చు. దానికి తగినట్లు వైద్యులు మోతాదు తగ్గించిన తరువాత, రోగి తైలాన్ని హఠాత్తుగా మానివేస్తే మందు పడిపోయి, తిరస్కరణకు దారి తీయవచ్చు.

పొగ, బూజు

పొగ త్రాగేవారికి వేరొక ముప్పు కూడా ఉన్నది. ఎండిన గంజాయి ఆకుపై ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలు ఉండవచ్చు. పొగ త్రాగినంత మాత్రాన అవి నశించవు. ఆరోగ్యవంతుల శరీరం వాటిని సులభంగా ఎదుర్కొంటుంది. నిరోధక శక్తిని మందులతో తగ్గించినవారిలో అవి ఊపిరితిత్తులను ఆక్రమించవచ్చు. 1988లో ఒక ఎముక మజ్జ మార్పిడి రోగి ఈ విధంగా మరణించినట్లు నమోదైంది. 1996లో ఒక మూత్రపిండ మార్పిడి రోగికి ఇదే వ్యాధి సోకి, చికిత్సతో నయమైనట్లు మరొక నివేదిక వచ్చింది.

గణాంకాలు ఏమి చెబుతున్నవి?

2016లో అమెరికాలోని మేరీలాండ్ వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, గంజాయి వాడినవారికి, వాడనివారికి మధ్య మొదటి సంవత్సరపు ఫలితాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అయితే వాడినవారు 56 మంది మాత్రమే. 2019లో 52 వేలకు పైగా గ్రహీతల రికార్డులను పరిశీలించిన మరొక అధ్యయనంలో, మార్పిడి తరువాత మొదటి సంవత్సరంలో గంజాయి వ్యసనం ఉన్నట్లు నమోదైన వారిలో మూత్రపిండం విఫలం కావటం సుమారు రెండింతలుగా కనిపించింది. మొదటిది వాడుకను, రెండవది వైద్యులు నమోదు చేసిన వ్యసనాన్ని లెక్కించినవి. పైగా వ్యసనపరులలో మందులు సమయానికి వేసుకొనకపోవటం, మద్యపానం, మానసిక వ్యాకులత వంటివి కూడా ఉండవచ్చు. కనుక ఈ సంబంధాన్నే కారణంగా భావించటం తొందరపాటవుతుంది.

దాచరాని సంగతి

గంజాయి మాట చెబితే మార్పిడి జాబితా నుండి తొలగిస్తారేమోనన్న భయం చాలామందిని మౌనంగా ఉంచుతుంది. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. ఆసుపత్రుల నియమాలు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉన్నాయి. వైద్య అవసరానికి గంజాయి వాడుతున్నారన్న ఒక్క కారణంతో మార్పిడిని నిరాకరించరాదని కాలిఫోర్నియా రాష్ట్రం 2015లో చట్టం చేసింది. మన కుటుంబాలలో దీనికి మరొక సంకోచం తోడవుతుంది. గంజాయి అన్న పేరు పెద్దల ముందు పలకటానికే నామోషీ. ఇంకొక వైపు, మోకాళ్ళ నొప్పికో, నిద్ర పట్టటానికో ఎవరో తెచ్చి ఇచ్చిన సీసా మీద ఆ పేరు కనిపించక, అది మొక్కల తైలమే కదా అని వాడేవారూ ఉంటారు.

ఎంజైముకు పరువు ప్రతిష్ఠలతో పని లేదు. దానికి తెలిసినది అణువు ఒక్కటే. కనుక మార్పిడి జరిగినవారు ఏ తైలం, ఏ మూలిక, ఏ మాత్ర మొదలుపెట్టాలన్నా, మానాలన్నా, సీసాను వెంట తీసుకొని వెళ్ళి ముందుగా మార్పిడి వైద్య బృందానికి చూపాలి. అప్పుడు వారు రక్తంలో మందు పరిమాణాన్ని పరీక్షించి మోతాదును సరిచేయగలరు. తమకు తెలియని పదార్థానికి తగినట్లు మోతాదు నిర్ణయించటం ఎంతటి వైద్యునికైనా సాధ్యం కాదు.