డోర్, ఫ్లాట్ బెడ్, స్టార్‌లింక్: అమ్మతో డాలస్ దాకా బిజినెస్ క్లాస్ రివ్యూ

నేను రాసే రివ్యూల్లో ముప్పాతిక భాగం 15 వేల నుంచి 30 వేల లోపు ఫోన్ల గురించే. ఈసారి ప్రొడక్ట్ ఒక సీటు. ఫ్లాగ్‌షిప్ ఫోన్ కంటే చాలా ఎక్కువ రేటు, అన్‌బాక్సింగ్ ఉండదు, 16 గంటలయ్యాక అక్కడే వదిలేసి దిగిపోవాలి. పైగా అసలు యూజర్ నేను కాదు, మా అమ్మ. వయసు 63, ఊరు నరసరావుపేట, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి.

మా అక్క డాలస్‌లో ఉంటుంది. డెలివరీ టైమ్‌కి అమ్మ పక్కన ఉండాలని దాని ఆశ. అమ్మకేమో నిరుడు మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. గుంటూరులో డాక్టర్ గారిని అడిగితే వెళ్ళొచ్చు, కానీ కాలు మడిచి గంటల తరబడి కదలకుండా కూర్చోవద్దు అన్నారు. ఆ మాటతో అమ్మ తేల్చేసింది. "అన్ని గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదురా. ఏం చెయ్యాలో అక్కకి వీడియో కాల్‌లో చెబుతాలే." అది విని అక్క ఫోన్ పెట్టేసింది. మళ్ళీ రెండు రోజులు చెయ్యలేదు.

డాక్టర్ గారి మాట ఊరికే జాగ్రత్త కోసం అన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం 4 గంటలు దాటిన ప్రయాణాల్లో కదలకుండా కూర్చుంటే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే రిస్క్ దాదాపు రెట్టింపు అవుతుంది. మామూలు మనిషికి ఆ రిస్క్ చాలా తక్కువ, రెట్టింపైనా తక్కువే. ఆపరేషన్ అయిన కాలు అలా కాదు.

ఇక రేటు విషయానికొస్తే, మేం చూసిన రోజు బిజినెస్ టికెట్ ఎకానమీకి మూడున్నర రెట్లు ఉంది. ఇద్దరికీ కొనడం మా వల్ల అయ్యే పని కాదు. నా క్రెడిట్ కార్డులో నాలుగేళ్ళుగా పోగైన పాయింట్లను ఖతార్ ఎయిర్‌వేస్ వాళ్ళ ఏవియోస్ కిందకి మార్చి అమ్మ టికెట్ తీశాను. నాది డబ్బులు పెట్టి కొన్నాం, అక్కా నేనూ చెరి సగం. పాయింట్లతో ఇచ్చే సీట్లు విమానానికి కొన్నే ఉంటాయి కాబట్టి తేదీ మనం పెట్టుకుంటే దొరకదు, సీటు ఉన్న తేదీకి మనమే సర్దుకోవాలి. డెలివరీ తేదీ ముందుంటే ఆ సర్దుబాటు ఎంత కష్టమో నాలుగు వారాలు రోజూ రాత్రి యాప్ రిఫ్రెష్ చేసినవాడిగా చెప్పగలను.

పేట నుంచి శంషాబాద్

పల్నాటి వాళ్ళకి అమెరికా ప్రయాణమంటే ముందు కారులో ఐదు గంటలు. పిడుగురాళ్ళ, దాచేపల్లి దాటాక వాడపల్లి దగ్గర కృష్ణ మీద బ్రిడ్జి, అక్కడి నుంచి మిర్యాలగూడ, నల్గొండ, నార్కట్‌పల్లి. చివర్లో ఔటర్ రింగ్ రోడ్ పట్టుకుంటే శంషాబాద్. మోకాలికి మొదటి పరీక్ష విమానంలో కాదు, ఈ రోడ్డు మీదే. గంటకోసారి ఆపి అమ్మని నాలుగడుగులు నడిపించాం.

ప్యాకింగ్‌లో రెండు పాయింట్లు గుర్తుపెట్టుకోండి. గోంగూర పచ్చడి, ఆవకాయ చెక్-ఇన్ బ్యాగ్‌లోనే పెట్టాలి, క్యాబిన్‌లోకి రానివ్వరు. అమెరికా వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులను 2018 నుంచి విడిగా తనిఖీ చేస్తున్నారు కాబట్టి కందిపొడి కూడా కిందకే. పవర్ బ్యాంక్ రూల్ దీనికి రివర్స్: అది చెక్-ఇన్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగ్‌లోనే ఉండాలి. లిమిట్ 100 వాట్ అవర్లు. 20,000 ఎంఏహెచ్ బ్యాంక్‌ని 3.7 వోల్టులతో లెక్కేస్తే 74 వాట్ అవర్లే వస్తుంది, ఇబ్బంది లేదు. అయితే దాన్ని విమానంలో వాడనివ్వని ఎయిర్‌లైన్స్ పెరుగుతున్నాయి. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి క్యాబిన్‌లో పవర్ బ్యాంక్ వాడకం ఆపేసింది. ఎక్కే ముందు మీ ఎయిర్‌లైన్ పేజీ ఒకసారి చూసుకోండి.

ఎయిర్‌పోర్ట్‌లో అమ్మకి వీల్‌చైర్ బుక్ చేశాం. అమెరికా ఫ్లైట్ ఉన్న రోజు హైదరాబాద్ టెర్మినల్‌లో వీల్‌చైర్ల వరుస చూస్తే సగం ఆంధ్రా తెలంగాణ అమ్మానాన్నలు అక్కడే ఉన్నట్టుంటుంది. దీనికి బిజినెస్ టికెట్ అక్కర్లేదు, డబ్బూ కట్టక్కర్లేదు, బుకింగ్‌లో ముందుగా అడిగితే చాలు. మోకాల్లో లోహం ఉంది కాబట్టి సెక్యూరిటీ దగ్గర బీప్ వచ్చింది. డాక్టర్ లెటర్ చూపించాం, చేతి స్కానర్‌తో చూసి రెండు నిమిషాల్లో పంపించారు.

లాంజ్ గురించి యూట్యూబ్‌లో ఒక్కోటి పది నిమిషాల వీడియోలు ఉంటాయి. నాకు అంత మేటర్ కనపడలేదు. కార్డులతో ఎంట్రీ వచ్చాక మన దేశంలో లాంజ్‌లంటే పెళ్ళిలో రెండో బంతి భోజనాలే, ప్లేటు పట్టుకుని కుర్చీ కోసం చూడ్డమే. అమ్మ రెండు ఇడ్లీలు తిని, బీపీ మాత్ర వేసుకుని, పదిహేను నిమిషాలు కాళ్ళు చాపుకుంది. మాకు కావలసింది కూడా అంతే.

దోహా వేరే లెవెల్. హైదరాబాద్ నుంచి నాలుగున్నర గంటలు. హమద్ ఎయిర్‌పోర్ట్ 2014లో మొదలైంది. మధ్యలో ఊర్స్ ఫిషర్ చేసిన పసుపురంగు ఎలుగుబొమ్మ, తల మీద దీపంతో, ఏడు మీటర్ల ఎత్తు. అమ్మ దాని ముందు ఫోటో దిగలేదు, "ఇంత ఖర్చు పెట్టి బొమ్మ పెట్టారు, కూర్చోడానికి బల్లలేవిరా" అంది. అక్కడి అల్ ముర్జాన్ లాంజ్ దాదాపు 10,000 చదరపు మీటర్లు. అది దాదాపు రెండున్నర ఎకరాలు. అమ్మకి ఆ లెక్క చెప్పాకే దాని సైజు అర్థమైంది. షవర్లు, నిశ్శబ్దంగా పడుకునే గదులు ఉన్నాయి. రెండు ఫ్లైట్ల మధ్య ఎక్కువ టైమ్ ఉంటే వాడాల్సిన ఫీచర్ ఆ షవరే.

అమెరికా గేట్ దగ్గర ఇంకో సెక్యూరిటీ చెక్ ఉంటుంది. ఫోన్, ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూపించమని అడగొచ్చు, ఈ రూల్ 2014 నుంచి ఉంది. చార్జింగ్ సున్నా పెట్టుకుని వెళ్ళకండి. 2017లో కొన్ని నెలలు దోహా నుంచి అమెరికా వెళ్ళే విమానాల క్యాబిన్‌లోకి ఫోన్ కంటే పెద్ద గ్యాడ్జెట్ ఏదీ రానివ్వలేదు కూడా. దాంతో పోలిస్తే ఇప్పుడు నయం.

అసలు ప్రొడక్ట్: క్యూసూట్

దోహా నుంచి డాలస్‌కి మాకు పడింది బోయింగ్ 777, అందులో క్యూసూట్. ఖతార్ దీన్ని 2017లో తెచ్చింది. ప్రతి సీటుకీ జరిపే డోర్, 1-2-1 వరుస కాబట్టి ఎవరి సీటైనా నేరుగా నడవలోకే తెరుచుకుంటుంది, సీటు పూర్తిగా పరుచుకుని మంచం అవుతుంది. డిస్‌ప్లే విషయానికొస్తే 21.5 అంగుళాలు. రివ్యూయర్లందరూ హైలైట్ చేసేది డోర్. నేను కూడా బుక్ చేసే ముందు దాని వీడియోలే చూశాను.

టేకాఫ్, ల్యాండింగ్ టైమ్‌లో డోర్ తెరిచే ఉంచాలి. పైకి వెళ్ళాక నేను ఉత్సాహంగా అమ్మ డోర్ మూసి "చూడు, మన సొంత రూమ్" అన్నాను. అర నిమిషం కాలేదు, లోపల్నించి "ఒరేయ్ నాన్నా, తలుపు తియ్యి" అని గొంతు. గొంతులో భయం తెలుస్తోంది. కొత్త చోటు, చుట్టూ గోడలు, కనపడే మనిషి లేడు. 16 గంటల్లో ఆ డోర్ మళ్ళీ మూసింది లేదు.

ఆ పూట అమ్మని కాపాడింది స్పెక్ షీట్‌లో చివర ఎక్కడో రాసే ఫీచర్: మధ్య వరుసలో పక్కపక్కన ఉండే జంట సీట్ల నడుమ అడ్డం కిందకి దించేయొచ్చు. దించేస్తే రెండు మంచాలూ కలిసిపోతాయి. ఈ జంట సీట్లు వెనక్కి తిరిగి ఉంటాయి. కొందరికి అది నచ్చదు, అమ్మకి మాత్రం పట్టింపే లేదు. షేర్ ఆటోలో వెనక్కి తిరిగి కూర్చుని ఎన్నిసార్లు కోటప్పకొండ వెళ్ళలేదు? అడ్డం దించాక నా చెయ్యి మీద చెయ్యి వేసి, "ఇప్పుడు బాగుందిరా" అని కాళ్ళు బారచాపింది. మీరు అమ్మానాన్నల్ని పంపుతుంటే కిటికీ సీట్ల కోసం చూడకండి, ఈ మధ్య జంట సీట్లు పట్టుకోండి.

కంట్రోల్స్ సంగతి చెప్పాలి. ఈ క్లాస్ సీట్లలో ఎక్కువగా ఉండేవి టచ్ ప్యానెళ్ళు, గుర్తులే కాని అక్షరాలు లేని బటన్లు. 63 ఏళ్ళ మనిషికి అది కొత్త ఫోన్ మొదటి రోజు. నేను మూడు బటన్లు మాత్రమే నేర్పాను: పడుకోవడం, లేవడం, పిలవడం. మిగతావి ముట్టుకోవద్దన్నాను. పిలిచే బటన్ ఒక్కటీ తనంతట తనే నొక్కింది, మజ్జిగ ఉందా అని అడగడానికి. పెరుగు తెచ్చి ఇచ్చారు.

భోజనం మనకి ఆకలేసినప్పుడు అడగొచ్చు, వాళ్ళ టైమ్‌కి కాదు. మాత్రలు వేసుకునే వాళ్ళకి ఇది పెద్ద ప్లస్. అమ్మకి వెజ్ మీల్ ముందే బుక్ చేశాను. రుచికి ఉప్పు తక్కువగా ఉందంది. అందులో వంటవాళ్ళ పాత్ర కొంతే: గాలిలో తేమ బాగా తక్కువ, ఇంజన్ల హోరు, ఈ రెంటి వల్ల నాలుకకి ఉప్పు, తీపి మందంగా తెలుస్తాయి.

హోరు అంటే గుర్తొచ్చింది. సీటుతో ఇచ్చే హెడ్‌ఫోన్స్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది. ఇంజన్ శబ్దం ఒకే తీరుగా ఉండే లో ఫ్రీక్వెన్సీ కాబట్టి ఏఎన్‌సీకి ఇంతకంటే ఈజీ టార్గెట్ ఉండదు. అమ్మ ముడి, చెవి కమ్మల మధ్య అది పెట్టుకోలేకపోయింది. నా ఇయర్‌బడ్స్ ఇచ్చి ఏఎన్‌సీ ఆన్ చేశాను, పాట ఏమీ పెట్టకుండా. "విమానం ఆగిందా?" అని అడిగింది. పదేళ్ళలో ఏఎన్‌సీకి నేను విన్న బెస్ట్ రివ్యూ ఇదే.

వైఫై, వాచ్, నిద్ర

ఖతార్ మొదటి స్టార్‌లింక్ 777 ఎగిరింది 2024 అక్టోబర్‌లో. మా విమానంలోనూ ఉంది, ఎకానమీతో సహా అందరికీ ఫ్రీ. అట్లాంటిక్ మీద స్పీడ్ టెస్ట్ చేస్తే డౌన్‌లోడ్ 140 ఎంబీపీఎస్ దగ్గర, పింగ్ 50 మిల్లీసెకన్ల చుట్టూ వచ్చింది. పాత విమాన వైఫైకి ఇది సాధ్యం కాదు, ఎందుకంటే ఆ ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. సిగ్నల్ పైకెళ్ళి కిందకొచ్చి మళ్ళీ తిరిగి రావడానికే అర సెకను దాకా పోతుంది. స్టార్‌లింక్‌వి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోవే. లెక్కలు పక్కన పెడితే, అక్క ప్రతి గంటకీ "అమ్మ కాలు ఎలా ఉంది" అని మెసేజ్ పెట్టింది. ప్రతి గంటకీ నేను ఫోటో పంపాను. పాదం, చీలమండ, మోకాలు. మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఆ రోజంతా వేరే ఫోటోలు లేవు.

నా వాచ్ తీసి అమ్మ చేతికి పెట్టాను. రక్తంలో ఆక్సిజన్ 93 చూపించింది, ఇంట్లో 97 ఉండేది. కంగారు పడే ముందు తెలుసుకోవాల్సిందేంటంటే, విమానంలో గాలి పీడనం నేల మీద ఉన్నట్టు ఉండదు. 777 లాంటి వాటిలో 8,000 అడుగుల కొండ ఎక్కినంతకి తగ్గొచ్చు, కాబట్టి ఈ అంకె కాస్త పడటం మామూలే. బిజినెస్ క్లాస్‌లో అయినా అదే గాలి, దానికి డబ్బు పెట్టి మార్చుకునే ఆప్షన్ లేదు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళు మాత్రం ముందే డాక్టర్‌ని అడగాలి.

నిద్ర: 5 గంటల 40 నిమిషాలు, రెండు విడతల్లో. మధ్యలో లేచి నడవలో రెండు చుట్లు తిరిగింది. డాలస్‌లో దిగేటప్పుడు చెప్పులు ఎక్కేటప్పుడు పట్టినట్టే పట్టాయి. నేను చూసిన బెంచ్‌మార్క్ అదొక్కటే. రెండు వారాల తర్వాత నేను ఒక్కడినే అదే రూట్‌లో ఎకానమీలో వెనక్కి వచ్చాను. అదే వాచ్ నాకు చూపించిన నిద్ర 2 గంటల 10 నిమిషాలు, బూట్ల లేసులు వదులు చేసుకోవాల్సి వచ్చింది. 29 ఏళ్ళ కాళ్ళకి అది ఒక రోజు నొప్పి, అంతే. నాకైతే ఆ తేడాకి మూడున్నర రెట్లు పెట్టను.

ఎయిర్‌పోర్ట్ బయట అక్క కారు దిగి నిలబడి ఉంది, నడుం మీద చెయ్యి వేసుకుని. అమ్మ వీల్‌చైర్ ఆపించి లేచింది, ఆ ఇరవై అడుగులు నడిచే వెళ్ళింది. తొమ్మిది రోజుల తర్వాత పాప పుట్టింది.

అమ్మ తిరుగు ప్రయాణం మేలో. ఒక్కతే రావాలి, అంటే పక్కన అడ్డం దించడానికి నేను ఉండను. ఈసారి మధ్య సీటు కాకుండా కిచెన్‌కి దగ్గరగా ఉండే సీటు చూస్తున్నాను, సిబ్బంది అటూ ఇటూ తిరుగుతూ కనపడతారు కాబట్టి. మూడు బటన్లూ గుర్తున్నాయో లేదో వీడియో కాల్‌లో అడుగుతున్నాను, రెండు కరెక్ట్‌గా చెబుతోంది. ఏవియోస్ ఇంకా 18 వేలు తక్కువ పడుతున్నాయి.